వీధి చివర మురుగునీటి ప్లాంటు కడితే కంపు వస్తుందా?

మీ వీధి చివర ఖాళీ స్థలంలో మున్సిపాలిటీ మురుగునీటి శుద్ధి ప్లాంటు కడతానంటోందని, కంపు భరించలేమని మీ అమ్మగారు బెంగపడుతున్నారని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. మాది పాలకొల్లు పక్క పల్లెటూరండి. రొయ్యల చెరువుల మీద పదేళ్లు చేసి, తర్వాత డెల్టాలోనే ఒక చిన్న పట్టణం ప్లాంటులో ఆరేళ్లు ఆపరేటరుగా చేశాను. ఒప్పుకోండి. కాకపోతే దాని కరెంటు బిల్లు ఎవరు కడతారో ముందు తేల్చుకోండి.

చెరువు తెలిసిన మనవాళ్లకి ఈ ప్లాంటు కొత్తేమీ కాదు. అక్కడ రొయ్యకి గాలి అందాలని ఏరేటర్లు తిప్పుతాం, ఇక్కడ బాక్టీరియాకి గాలి అందాలని బ్లోయర్లు తిప్పుతాం. మురుగులోని మలినమే వాటికి మేత. గాలి అందుతున్నంతసేపూ అవి దాన్ని తిని పెరిగి, ముద్దలు కట్టి, గాలి ఆపి తేర్చినప్పుడు అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీటికి క్లోరిన్ పట్టించి వదులుతాం. రొయ్యకి లీటరు నీళ్లలో 4 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ చూసుకుంటాం కదా, వీటికి 2 ఉన్నా సరిపోతుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగు బీఓడీ, అంటే అందులోని మలినాన్ని తినడానికి బాక్టీరియాకి పట్టే ఆక్సిజన్, లీటరుకి 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మహానగరాలు కాని చోట్ల దాన్ని 30కి దించి వదలాలని 2017లో కేంద్రం పరిమితి పెట్టింది.

గాలి సరిగ్గా అందిన ట్యాంకు గోధుమ రంగులో ఉంటుంది, తడిమట్టి వాసన వేస్తుంది. మురుగు లోపలికొచ్చే జల్లెడ దగ్గర మాత్రం ఎప్పుడూ ఎంతో కొంత వాసన ఉంటుంది, అది దాచను. డైపర్లు, జుట్టు, ప్లాస్టిక్ కవర్లు రోజూ గోకి తీయాల్సిందే.

అసలు కంపు ఎప్పుడొస్తుందో చెబుతాను. ఒక వేసవిలో బిల్లు పేరుకుపోయిందని రాత్రిళ్లు బ్లోయర్లు కట్టేయమన్నారు. ప్లాంటు కరెంటులో పెద్ద వాటా వాటిదే మరి. మూడో రోజుకల్లా ట్యాంకు నల్లబడి కుళ్లిన గుడ్ల కంపు లేచింది. పక్క వీధి జనం వచ్చి గేటు ముందు కూర్చున్నారు. "బాబూ, అన్నం ముద్ద దిగట్లేదురా" అని ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ ముఖం నేనింకా మర్చిపోలేదు. వేరే ప్లాంటు నుంచి ట్యాంకరుతో స్లడ్జి, అంటే బాక్టీరియా ముద్దలున్న మడ్డి, తెచ్చి పోసుకుని, మళ్లీ గాడిలో పెట్టేసరికి మూడు వారాలు పట్టింది.

ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉందిగా, ప్లాంటెందుకు అంటారు కొందరు. మన నల్లరేగడి నీటిని ఇంకించుకోదండి. చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి, ఇంకుడు గుంత ఏం పనిచేస్తుంది? ట్యాంకులోంచి పొంగింది వీధి కాలువలోకి, అక్కణ్ణుంచి మురుగు కోడులోకి పోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక కోడులో పారేదంతా ఇళ్ల నీళ్లే, పైన గుర్రపుడెక్క. మా చెరువుకి మేం తోడుకున్నది అలాంటి కోడు నీళ్లే. పొద్దున్నే ఆక్సిజన్ చాలక రొయ్యలు పైకి తేలి కొట్టుకుంటుంటే గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి. అందుకే ప్లాంటు వద్దనడానికి నాకు మనసొప్పదు.

కౌన్సిల్లో అడగాల్సినవి: జనరేటరుకి డీజిలు ఎవరు పోస్తారు, అదనంగా ఒక బ్లోయరు ఉంటుందా, స్లడ్జిని ఎండబెట్టి ఎక్కడికి తీసుకెళ్తారు. వాననీటిని పక్కకి మళ్లించే గేటు సంగతి మాత్రం వదలకండి. తుఫాను రోజున వీధి కాలువల నీళ్లన్నీ ట్యాంకులోకొస్తే బాక్టీరియా ముద్దలు కొట్టుకుపోతాయి, మళ్లీ మొదటికొస్తాం.

ఈలోగా అమ్మగారిని తీసుకుని దగ్గర్లో నడుస్తున్న ప్లాంటు ఏదైనా ఉంటే తెల్లారుజామున, ముందు చెప్పకుండా వెళ్లండి. గాలి ట్యాంకు నీళ్లు లీటరు గాజు జాడీలో ముంచి అరగంట కదపకుండా పెట్టమనండి. గోధుమరంగు ముద్ద అడుక్కి దిగి పైన తేట నీళ్లు నిలిస్తే అక్కడ గాలి అందుతున్నట్టే. నల్లగా ఉన్నా, మడ్డిగా తేలుతూనే ఉన్నా, రాత్రి బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో లాగ్‌బుక్కు తెరిచి చూపించమనండి.