లాగిన్‌డీలో మార్చినా పవర్ బటన్ మాట వినడం లేదా?

లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీలో ఒక భాగం లాగిన్‌డీ; లాగిన్‌లను, పవర్ బటన్‌ను చూసుకునేది అదే. దాని సెట్టింగులుండే లాగిన్‌డీ డాట్ కాన్ఫ్ ఫైలులో, బటన్ నొక్కితే ఏం చేయాలో చెప్పే హ్యాండిల్‌పవర్‌కీ విలువను పవర్‌ఆఫ్ అని మార్చినా, బటన్ నొక్కితే కంప్యూటర్ నిద్రలోకి వెళ్తోందని అడిగారు. మీరు ఫైలులో తప్పు రాసి ఉండకపోవచ్చు. బటన్ లాగిన్‌డీ చేతిలో లేదు, అంతే.

గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు (తెరపై కిటికీలు, మెనూలు చూపించే ప్రోగ్రాములు) మనం లాగిన్ కాగానే "పవర్ బటన్ సంగతి నేను చూసుకుంటాను" అని లాగిన్‌డీకి చెప్పి, ఒక తాళం వేసుకుంటాయి. ఆ తాళం ఉన్నంతసేపు మీరు ఫైలులో ఏమి రాసినా చెల్లదు. టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-ఇన్హిబిట్ ఆదేశాన్ని హైఫన్ హైఫన్ లిస్ట్‌తో నడపండి. హ్యాండిల్-పవర్-కీ అన్న మాట ఎవరి వరుసలో కనిపిస్తే బటన్ వారిది. అప్పుడు మార్చవలసింది ఆ డెస్క్‌టాప్ సెట్టింగులలోని పవర్ విభాగంలో.

ఒక వల గురించి ముందే చెబుతాను, ఎందుకంటే నేను అందులో పడి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. అదే ఫైలులో పవర్‌కీ‌ఇగ్నోర్‌ఇన్హిబిటెడ్ అనే వరుస ఉంటుంది. పేరు చూస్తే మన జబ్బుకు మందు ఇదే అనిపిస్తుంది. కాదు. అది షట్‌డౌన్, స్లీప్ లాంటి పైస్థాయి తాళాలనే పక్కన పెడుతుంది. హ్యాండిల్-పవర్-కీ తాళాన్ని లాగిన్‌డీ ఎప్పుడూ గౌరవిస్తుంది.

నాకు ఇదంతా తెలిసింది నష్టపోయాకే. ఫైళ్లు దాచుకునే కంప్యూటర్ ఒకటి నా దగ్గర ఉండేది, అందులో గ్నోమ్ దానంతట అదే లాగిన్ అయ్యేది, మానిటర్ మాత్రం ఆపేసి ఉంచేవాణ్ణి. ఒకరోజు బటన్ నొక్కాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కి, ఈసారి వేలు తీయకుండా పట్టుకున్నాను. టక్కున ఆగింది. నిజానికి మొదటి నొక్కుకే తెరపై "ఆపమంటారా?" అన్న పెట్టె వచ్చి, 60 సెకన్లు లెక్కపెడుతూ ఉంది. నేను కదలకుండా ఉంటే అదే శుభ్రంగా ఆగిపోయేది! ఆ సమయంలో రాస్తున్న డేటాబేస్ పాడైంది. ఫైల్ సిస్టమ్‌ను, చేయబోయే మార్పులను అది ముందే రాసుకునే జర్నల్ కాపాడింది కానీ, సగం రాసిన ఫైలును అది పూర్తి చేయలేదు కదా.

బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే ఆ కబురు కెర్నల్ (లినక్స్ మూల భాగం) ద్వారా పైకి వెళ్తుంది. సుమారు 4 సెకన్లు పట్టుకుంటే హార్డ్‌వేరే కరెంటు కోసేస్తుంది, లినక్స్‌కు చెప్పదు. ఏ సెట్టింగూ దీన్ని సురక్షితం చేయలేదు.

మానిటర్ లేని యంత్రమైతే డెస్క్‌టాప్ తీసేయడమే మేలని నా అభిప్రాయం. లాగిన్‌డీ సహజ విలువ (మనం ఏమీ రాయకపోతే వాడేది) ఎలాగూ పవర్‌ఆఫే, ఫైలులో ఆ వరుస ముందు హ్యాష్ గుర్తు ఉన్నా సరే. మార్పు చేశాక లాగిన్‌డీని విడిగా పునఃప్రారంభించకండి, తెరిచి ఉన్న సెషన్ కూలిపోవచ్చు. కంప్యూటర్‌నే రీబూట్ చేయండి.

తర్వాత ఒకసారి నొక్కి వదిలి చూడండి. ఏదైనా సేవ ఆగనని మొరాయిస్తే సిస్టమ్‌డీ సాధారణంగా 90 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది, అంతవరకు వేలు దూరంగా ఉంచండి. తిరిగి ఆన్ చేశాక సిస్టమ్‌డీ జర్నల్‌లో (జరిగినవన్నీ అది రాసుకునే చిట్టాలో) క్రితం బూట్ చివరి వరుసలు చదవండి. పవర్ కీ నొక్కినట్టు, ఆ వెంటనే ఆపుతున్నట్టు లాగిన్‌డీ రాసి ఉంటే పని అయినట్టే. డెస్క్‌టాప్ చేతిలో బటన్ ఉంటే ఆ మొదటి వరుస కనబడకపోవచ్చు, సేవలు ఒక్కొక్కటే ఆగిన జాడ ఉంటే చాలు. మధ్యలోనే తెగిపోతే మాత్రం కరెంటు కోతే జరిగింది.