కొచ్చి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వూ అల్లుడుగారూ వచ్చే నెల కొచ్చి వెళ్తున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఎర్నాకుళంలో దిగాక టాక్సీ కోసం చూడకండి. హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో పడవ ఎక్కితే ఫోర్ట్ కొచ్చిలోనే దిగుతారు.

అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి పొద్దున్నే వెళ్లండి. ఆదివారమైతే ప్రార్థన అయ్యేదాకా ఆగండి. ఇప్పటికీ అక్కడ ఆరాధన జరుగుతుంది. 1503లో పోర్చుగీసువాళ్లు మొదట చెక్కతో కట్టారు, 1516 నాటికి గట్టి కట్టడం లేచింది. 1663లో డచ్చివాళ్ల చేతికి, 1795లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. చాలామంది వాస్కోడగామా సమాధి రాయి దగ్గర ఫోటో దిగి, ఐదు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. మీరు అలా చేయకండి. ఆయన 1524 డిసెంబరు 24న కొచ్చిలోనే పోయాడు, ఇక్కడే పాతిపెట్టారు. కొన్నేళ్లకు అస్థికల్ని పోర్చుగల్ తీసుకుపోయారు. ఇప్పుడు మిగిలింది ఆ రాయే.

ఒక బల్ల మీద కాసేపు కూర్చుని తలెత్తి చూడండి. పొడవాటి గుడ్డ పంకాలు వేలాడుతుంటాయి. వాటి తాళ్లు గోడలోంచి బయటికి పోతాయి. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే, బయట నిలబడి ఆ తాళ్లు లాగినవాళ్లు వేరే. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. నేనైతే ఆ తాడు వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

గోడలకు ఆనించిన సమాధి రాళ్లు ఒకప్పుడు నేలలో ఉండేవి. పోర్చుగీసువాళ్లవి ఒక గోడకు, డచ్చివాళ్లవి ఎదుటి గోడకు ఉంటాయి. డచ్చి రాళ్లు చూడగానే నాకు మన బందరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మీ నాన్నా నేనూ అక్కడి డచ్చి సమాధుల మధ్య ఆడుకునేవాళ్లం. అవే వంశచిహ్నాలు, అలాంటి అక్షరాలే. బందరులోని మన వలందపాలేనికి ఆ పేరొచ్చింది కూడా ఒలందావాళ్ల వల్లే, అంటే ఈ డచ్చివాళ్ల వల్లే. అల్లుడుగారికి ఈ సంగతి చెప్పు.

మట్టాంచేరిలో యూదుల ప్రార్థన మందిరం 1568 నాటిది. నేలంతా నీలం బొమ్మల చైనా పలకలు. శనివారం మూసేస్తారు. మేం తెలియక ఆ రోజే వెళ్లి మూసిన తలుపు చూసి వచ్చాం. పక్కనే ఉన్న డచ్చి ప్యాలెస్ నిజానికి పోర్చుగీసువాళ్లు కట్టి రాజుకిచ్చింది. అందులో రామాయణం కుడ్యచిత్రాలున్నాయి, తొందరపడకుండా చూడండి.

సముద్రస్నానం మాత్రం ఫోర్ట్ కొచ్చిలో వద్దు. ఒడ్డుకు గుర్రపుడెక్క కొట్టుకొస్తుంటుంది. కావాలంటే చెరాయి బీచ్‌కి వెళ్లండి. సాయంత్రం ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చైనా వలల దగ్గరికి రండి. వల నీళ్లలోకి దిగుతుంటే తాళ్లకు కట్టిన బండరాళ్లు పైకి లేస్తాయి. మళ్లీ పైకి తేవడానికి నలుగురైదుగురు కలిసి లాగాలి. అంత కష్టపడితే ఒక్కోసారి గుప్పెడు చేపలే పడతాయి. అక్కడే అమ్ముతారు, బేరం ఎక్కువ ఆడకండి.

గొడుగు మర్చిపోవద్దు.

మీ పెద్దనాన్న