ఫైర్ లుకౌట్ టవర్‌లో రాత్రి ఉండటం: ఇండియా నుంచి వచ్చిన నాన్నతో, చిన్న పాపతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది సియాటెల్ దగ్గర పాత ఫైర్ లుకౌట్ టవర్‌లో (అడవిలో ఎక్కడ పొగ లేస్తుందో కనిపెట్టడానికి కొండ మీద కట్టిన కాపలా టవర్) ఒక రాత్రి ఉందామని, మీ నాన్నగారినీ నాలుగేళ్ళ పాపనీ తీసుకెళ్ళొచ్చా, రాత్రి భయమేస్తుందా అని కదా. నాన్నగారికి మోకాళ్ళు బాగుంటే నిక్షేపంగా తీసుకెళ్ళండి. పాపతో మాత్రం ఇప్పుడే వద్దు అంటాను, ఎందుకో కింద చెప్తా.

మేము వెళ్ళింది హేబ్రుక్ లుకౌట్, ఇండెక్స్ ఊరు దాటాక హైవే 2 పక్కనే ట్రైల్ మొదలవుతుంది. నడక ఒక మైలు పైచిలుకు, అంతే, కానీ ఆ కాస్త దూరంలోనే 850 అడుగులదాకా ఎక్కాలి, అది అయ్యాక మళ్ళీ టవర్ మెట్లు, 67 అడుగుల ఎత్తు. ఆగస్టు ఆఖర్లో నేను, మా నాన్న, మా బామ్మర్ది వెళ్ళాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్ల ఫోటో చూడగానే "మీరు వెళ్ళి రండి నాయనా" అనేసింది. నాన్నకి అరవై ఆరు, ఆయన మా ఇద్దరికంటే ముందే పైకెక్కి కూర్చున్నాడు, ఎందుకంటే మా బామ్మర్ది చక్రాల కూలర్ తెచ్చాడు, ట్రైల్ మీద వేర్లూ రాళ్ళే కాబట్టి ఆ చక్రాలు దేనికీ పనికిరాలేదు, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని పెళ్ళి కావిడి మోసినట్టు మోసుకెళ్ళాం.

పైన నీళ్ళు ఉండవు, కరెంటు ఉండదు. ఇది అందరూ చదువుతారు, ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, మేము కూడా. మనిషికో గ్యాలన్ చొప్పున మూడు గ్యాలన్లు మోసాం, ఒక్కో గ్యాలన్ దాదాపు నాలుగు కేజీలు ఉంటుంది, సరిపోతాయనుకున్నాం. మా బామ్మర్ది రాత్రి అలవాటు ప్రకారం గిన్నెలు శుభ్రంగా కడిగి పెట్టాడు! పొద్దున్నే చూస్తే ముగ్గురికీ కలిపి అరలీటరు మిగిలింది, కాఫీ ఒక్క కప్పు పెట్టి నాన్నకిచ్చి మేమిద్దరం వాసన చూశాం. కాబట్టి వండుకునే ప్రోగ్రాం పెట్టుకోకండి, పులిహోర, చపాతీ, పచ్చడి, పేపర్ ప్లేట్లు, చెత్త మొత్తం మళ్ళీ మీరే కిందకి మోసుకురావాలి. ఇంకోటి, బాత్రూమ్ పైన ఉండదు, అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఆ మెట్లన్నీ దిగాలి. మీ నాన్నగారికి షుగర్ గట్రా ఉంటే ఇది ముందే ఆలోచించుకోండి.

గది చిన్నదే, నాలుగు పక్కలా అద్దాలే. ఎదురుగా మౌంట్ ఇండెక్స్ గోడలా నిలబడి ఉంటుంది, దాని ఒంటి మీద బ్రైడల్ వీల్ జలపాతం తెల్ల దారంలాగా. నాన్న లోపలికి రాగానే చుట్టూ తిరిగి చూసి "ఒరేయ్, ఇది మంచె కదరా" అన్నాడు. ఆయన చిన్నప్పుడు పల్నాడులో జొన్నచేలో మంచె మీద వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలినవాడే. నేనేమో ఇంటర్నెట్లో చదివిన హిస్టరీ అంతా చెప్పబోయాను, ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. నిజానికి అంతే, అక్కడ పిట్టల కోసం, ఇక్కడ పొగ కోసం. 1910లో ఐడహో, మోంటానా వైపు పెద్ద కార్చిచ్చు వచ్చి దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి, ఆ దెబ్బకి ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు కొండ కొండకీ ఇలాంటివి కట్టడం మొదలెట్టారు, 1930ల్లో సీసీసీ (ఉద్యోగాల్లేని కుర్రాళ్ళకి పని ఇచ్చిన అప్పటి ప్రభుత్వ పథకం) కుర్రాళ్ళతో ఇంకా బోలెడు కట్టించారు. హేబ్రుక్‌లో ఇప్పుడున్నది 1960ల నాటి టవర్.

పాతకాలంలో ఈ గదుల మధ్యలో ఆస్బోర్న్ ఫైర్ ఫైండర్ అని గుండ్రటి బల్లలాంటి పరికరం ఉండేది, దాని మీద మ్యాప్, చుట్టూ తిరిగే రింగు. పొగ కనపడితే రింగు తిప్పి గురిచూసి ఎన్ని డిగ్రీల్లో ఉందో ఫోన్లో చెప్పేవాళ్ళు, ఇంకో కొండ మీది మనిషి కూడా తన డిగ్రీలు చెప్తే మ్యాప్ మీద రెండు గీతలు కలిసే చోటే మంట. ఉరుములు మెరుపులప్పుడు కాళ్ళకి గాజు బుడిపెలు ఉన్న స్టూలెక్కి నిలబడేవాళ్ళంట, పిడుగు పడితే కరెంటు తమలోంచి పోకుండా. అది విన్నాక నాన్న ముందు ఆకాశం వంక చూసి తర్వాత నా వంక చూశాడు. నా సలహా కూడా అదే, ఉరుములు అని ఫోర్‌కాస్ట్ ఉంటే డబ్బులు పోయినా సరే మానుకోండి.

ఇక భయం సంగతి. జంతువుల భయం ఏమీ అనిపించలేదు, గాలి మాత్రం పరీక్ష పెట్టింది. పదకొండు దాటాక గాలి లేచి టవర్ మొత్తం సన్నగా ఊగడం మొదలైంది, ఎంతో కాదు, రైల్లో పైబెర్త్ మీద పడుకుంటే ఎలా ఉంటుందో అంత, కానీ చీకట్లో అద్దాలు కిర్రుమంటుంటే మా బామ్మర్ది "బావా, ఇది గట్టిదేగా" అని మూడుసార్లు అడిగాడు. అన్నట్టు రైలంటే గుర్తొచ్చింది, అడవిలో నిశ్శబ్దం అని ఊహించుకోకండి, కింద లోయలో స్టీవెన్స్ పాస్ రైలు మార్గం ఉంది, రాత్రంతా గూడ్సు బండ్లు కూత పెడుతూనే ఉంటాయి. మాకు చిరాకేసింది, నాన్నకి మాత్రం అదే పండగ. రెండింటికి మెలకువొచ్చి చూస్తే మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, చెట్ల సందుల్లోంచి లైటు కదిలేది చూస్తున్నాడు, నిద్ర పట్టలేదా అంటే "పడుకోవడానికి ఇంత దూరం వచ్చామా" అన్నాడు.

పొద్దున ఇంకో సంగతి. గది మాత్రమే మనది, దాని కింద ఉన్న ప్లాట్‌ఫామ్ దాకా ఎవరైనా రావచ్చు. ఏడు గంటలు కాకముందే బూట్ల చప్పుడు, నేను లుంగీలో పళ్ళు తోముకుంటూ తలుపు తీస్తే కింద ఇద్దరు కాలేజీ పిల్లలు కెమెరాతో, గుడ్ మార్నింగ్ అన్నారు, నేను నోట్లో పేస్టుతో చెయ్యి ఊపాను.

పాపని ఎందుకు వద్దన్నానంటే మెట్లు నిటారుగా ఉంటాయి, రెయిలింగ్ పెద్దవాళ్ళ కోసం పెట్టింది, నాలుగేళ్ళ పిల్ల ఒక్కచోట కూర్చోదు, రాత్రంతా మీరు గూర్ఖా డ్యూటీ చెయ్యాల్సి వస్తుంది. పైగా నిప్పుతో జాగ్రత్త, దీపావళికి మిగిలాయని కాకరపువ్వొత్తులు లాంటివి అస్సలు తేకండి (నవ్వకండి, మా వాళ్ళలో ఒకరు అడిగారు). 2022 సెప్టెంబర్‌లో బోల్ట్ క్రీక్ ఫైర్ వచ్చింది అక్కడికి దగ్గర్లోనే, దాదాపు 15 వేల ఎకరాలు, హైవే 2 కూడా మూసేశారు. స్కైకోమిష్ వైపు ఇంకాస్త డ్రైవ్ చేస్తే కాలిన మానులు కనపడతాయి, తిరుగుదారిలో నాన్నకి అవి చూపించాలని అటు తిప్పాను, మంచె మీద కూర్చున్నంతసేపూ జోకులేసినాయన అక్కడ ఏం మాట్లాడలేదు.

బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో. వీకెండ్‌లు నిమిషాల్లో అయిపోతాయి, నాకు ఎవరో క్యాన్సిల్ చేసుకున్న బుధవారం దొరికింది, రోజూ పొద్దున ఒకసారి చూస్తూ ఉండండి. పాపని ఈలోపు పగటి పూట తీసుకెళ్ళి ప్లాట్‌ఫామ్ దాకా ఎక్కించి చూపించండి, చెయ్యి మాత్రం వదలకండి.