పేర్లకు భయపడి నర్సింగ్ మానిపించకండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసైంది. ఇప్పుడు తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్. అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు) పుస్తకాల్లో పేర్లకు నోరు తిరగడం లేదని, ఎంత చదివినా గుర్తుండటం లేదని ఫోన్‌లో ఏడుస్తోంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలతో ఎప్పటికీ సమానం కాలేనంటోంది. వార్డుకు వెళ్లిన రోజు మాత్రం హుషారుగా మాట్లాడుతుంది. మానిపించి చిత్తూరులో డిగ్రీలో చేర్పిద్దామా అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మానిపించకండి. మొదటి సెమిస్టర్ పరీక్షలు రాసేదాకా ఆ మాటే ఇంట్లో ఎత్తకండి. వార్డుకు వెళ్లిన రోజు పాప హుషారుగా ఉంటుందని రాశారు చూడండి, నా జవాబుకు ఆధారం అదే. రోగిని ముట్టుకోవడానికి, పక్క మార్చడానికి, రాత్రి డ్యూటీ చేయడానికి మనసొప్పని పిల్లకు ఏ పుస్తకమూ సాయపడదు. మీ పాపకు ఆ ఇబ్బంది లేదు. అడ్డొస్తున్నవి పేర్లు. అవి నేర్చుకుంటే వస్తాయి.

ఇంగ్లిష్ మీడియం పిల్లల గురించి ఆమెకున్న దిగులు సగం అనవసరం. ఫీమర్ (తొడ ఎముక), స్టెర్నమ్ (రొమ్ము ఎముక), స్కాపులా (భుజం వెనక రెక్క ఎముక) లాంటివి లాటిన్, గ్రీకు నుంచి వచ్చిన పేర్లు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలైనా వీటిలో ఎక్కువ భాగాన్ని కాలేజీకి వచ్చాకే మొదటిసారి వింటారు. ఈ విషయంలో అందరూ ఒకే చోట మొదలుపెడతారు. వాళ్లకు నిజంగా ఉన్న బలం వేరే: పేజీని గబగబా చదవగలరు, జవాబు వాక్యాలు తడుముకోకుండా రాయగలరు. ఆ తేడా ఉంది, లేదని నేను అనను. రోజూ ఒక పేరా చూసి రాసి, తర్వాత చూడకుండా రాస్తే కొన్ని నెలల్లో తగ్గుతుంది. మొదటి సెమిస్టర్‌లోనే ఉండే కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ కూడా ఇలాంటి పిల్లలకు సాయపడుతుంది.

పాప తనకున్న బలాన్ని మర్చిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీలో జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్త ప్రసరణ, విసర్జన అన్నీ చదివే వచ్చింది. వృక్కం ఏం చేస్తుందో, గుండెలో పై గది కర్ణిక నుంచి కింది గది జఠరికలోకి రక్తం ఎలా వెళ్తుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు వృక్కానికి కిడ్నీ, రీనల్, నెఫ్రో అని మూడు మాటలు కనిపించేసరికి మూడూ కొత్త సంగతులేమో అని బెదిరిపోతోంది. ఆ తెలుగు పుస్తకం ఇంట్లో ఉంటే రేపే బస్సులో పంపించండి. కొత్త పాఠం చదివే ముందు అదే పాఠాన్ని తెలుగులో ఒకసారి చదువుకుని, తర్వాత ఇంగ్లిష్ పుస్తకం తెరవమనండి. విషయం ముందే అర్థమై ఉంటుంది కాబట్టి పేర్ల మీద మాత్రమే శ్రమ పెడితే చాలు.

ఇక నేర్చుకునే పద్ధతి. ఈ భాగం పాపకు చదివి వినిపించండి.

అమ్మా, అన్నిటికంటే ముందు అనటామికల్ పొజిషన్ పట్టుకో. మనిషి నిటారుగా నిలబడి, ముఖం ముందుకు పెట్టి, చేతులు పక్కన వేలాడేసి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నట్టు ఊహించుకోవాలి. రోగి బోర్లా పడుకున్నా, ఒత్తిగిలి ఉన్నా దిక్కులు ఈ నిలువు మనిషిని బట్టే చెబుతారు. కుడి, ఎడమ అంటే రోగి కుడి, ఎడమ. నువ్వు ఎదురుగా నిలబడితే నీ కుడిచేతి వైపున్నది అతని ఎడమ. కేస్ షీట్‌లో ఈ ఒక్క పొరపాటు జరిగితే ఏమవుతుందో నీకు చెప్పనక్కర్లేదు.

తర్వాత దిక్కుల మాటలు. యాంటీరియర్ ముందు, పోస్టీరియర్ వెనక, సుపీరియర్ పైకి, ఇన్ఫీరియర్ కిందికి, మీడియల్ నడిమి గీత వైపు, లాటరల్ పక్కకు. చేతులు, కాళ్ల విషయంలో ప్రాక్సిమల్ అంటే మొండేనికి దగ్గర, డిస్టల్ అంటే దూరం. చేయి ఆనించి కిందపడిన పెద్దావిడ కేస్ షీట్‌లో 'డిస్టల్ రేడియస్ ఫ్రాక్చర్' అని ఉంటే, ముంజేతి ఎముక మణికట్టు వైపు విరిగిందని నీకు ఎక్స్-రే చూడకముందే తెలిసిపోతుంది. ఈ మాటలు కలుస్తాయి కూడా. పసిపిల్లలకు ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావలెంట్ టీకా వేసే చోటును యాంటీరోలాటరల్ థై అంటారు, అంటే తొడలో ముందు భాగానికీ పక్క భాగానికీ మధ్య. మీ ఊళ్లో ఏఎన్ఎం అక్క టీకా వేస్తుంటే చూసే ఉంటావు. పిరుదులో ఇంజెక్షన్ వేయాల్సి వస్తే పై భాగంలో, బయటి వైపునే ఎందుకు వేయమంటారో కూడా ఇక్కడే తెలుస్తుంది: లోపలికో కిందికో వెళ్తే నడుము నుంచి కాలికి దిగే సయాటిక్ నరానికి సూది తగలొచ్చు. ఈ పదాలను నేను ఇంత పట్టుదలగా నేర్చుకోమనేది అందుకే. నీ సూది ఎక్కడ దిగాలో చెప్పేవి ఇవే.

పొడవాటి పేర్లను ముక్కలు చెయ్యి. కార్డియో గుండె, హెపాటో కాలేయం, నెఫ్రో మూత్రపిండం, గాస్ట్రో జీర్ణాశయం, ఆస్టియో ఎముక, ఆర్థ్రో కీలు. చివర ఐటిస్ ఉంటే వాపు, మంట. ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. మెగాలీ ఉంటే పెద్దదవడం. ఆల్జియా ఉంటే నొప్పి. ఇప్పుడు హెపటోమెగాలీ, ఆర్థ్రైటిస్, నెఫ్రెక్టమీ నువ్వే విప్పగలవు. కండరాలూ అంతే. బైసెప్స్‌కు రెండు తలలు, ట్రైసెప్స్‌కు మూడు, తొడలో ఉండే క్వాడ్రిసెప్స్ ఫెమోరిస్‌కు నాలుగు. ఎముకలు 206 అనగానే గుండె జారిపోతుంది గానీ, చేతి, కాలి వేళ్ల ఎముకలు కలిపి 56 ఉన్నా అన్నిటికీ ఫాలాంజెస్ అని ఒకటే పేరు. పక్కటెముకలు 24 ఉన్నా వాటికి వరస నంబర్లే. జంటలు, నంబర్లు తీసేసి లెక్కపెడితే విడిగా గుర్తుంచుకోవాల్సిన పేర్లు 50 దరిదాపుల్లోనే ఉంటాయి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. చెవికి ఒకేలా వినిపించే మాటలకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకో. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. రక్తంలో పొటాషియం పెరగడం హైపర్‌కలీమియా, తగ్గడం హైపోకలీమియా. రెండూ గుండె లయను దెబ్బతీయగలవు, చికిత్సలు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. ఇలియమ్ అని పలికే మాట రెండు చోట్ల వస్తుంది: ఒకటి తుంటి ఎముక భాగం, ఇంకొకటి చిన్నపేగు చివరి భాగం. స్పెల్లింగ్‌లో తేడా ఒక్క అక్షరం. ఫోన్‌లో డాక్టర్ చెప్పింది సరిగా వినపడకపోతే మళ్లీ అడగడానికి ఎప్పుడూ సిగ్గుపడకు.

ఫిజియాలజీకి పేర్ల కంటే వరస ముఖ్యం. ఏది జరిగితే తర్వాత ఏది జరుగుతుందో చెప్పగలగాలి. సెలవు రోజు ఫ్రెండ్స్‌తో అలిపిరి మెట్లెక్కు, 3,500కు పైగా ఉంటాయి కాబట్టి పాఠానికి చాలినంత సమయం దొరుకుతుంది. ఎక్కే ముందు నాడి చూసుకో. పెద్దవాళ్లకు కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటుంది. కాసేపు ఎక్కాక మళ్లీ చూడు. తొడ కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే గుండె వేగం పెరిగింది. వంద దాటితే దాన్ని టాకికార్డియా అంటారు. ఇది ఎక్కడం వల్ల సహజంగా వచ్చిందే, కాసేపు కూర్చుంటే దిగిపోతుంది. కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువ తయారవుతోంది, దాన్ని బయటికి పంపడానికి మెదడులోని మెడుల్లా ఊపిరి వేగం పెంచుతుంది. ఒళ్లు వేడెక్కితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. అది వాసోడైలేషన్. చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. నీళ్లు తగ్గాయని తెలియగానే ఏడీహెచ్ అనే హార్మోన్ పెరిగి మూత్రపిండాలు నీటిని పొదుపు చేస్తాయి, దాహమూ వేస్తుంది. ఇంత జరిగినా లోపలి పరిస్థితిని దాదాపు ఒకే తీరుగా నిలబెట్టుకోవడాన్నే ఇంటర్‌లో సమస్థితి అని చదివావు. ఇప్పుడు దాని పేరు హోమియోస్టాసిస్.

రోజుకు పది మాటలు చాలు. చదవడం కంటే బయటికి పలకడం, బొమ్మ గీసి పేర్లు పెట్టడం ముఖ్యం. ల్యాబ్‌లో ఎముకలు చేతికిచ్చినప్పుడు కుడివా ఎడమవా తేల్చేదాకా పక్కన పెట్టకు.

మళ్లీ మీకు. ఫిజియోథెరపీకో, ల్యాబ్ టెక్నీషియన్‌కో, బీ ఫార్మసీకో మారిస్తే ఈ బాధ తప్పుతుందని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. వాటన్నిటిలోనూ మొదట్లో అనాటమీ, ఫిజియాలజీ ఉంటాయి. వార్డులు వద్దనుకుని చెన్నైలోనో హైదరాబాద్‌లోనో మెడికల్ కోడింగ్ (రోగాలకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను కూడా ముందు ఈ పేర్లే అడుగుతారు. ఇప్పుడు పడే కష్టం వీటిలో ఎటు వెళ్లినా పనికొస్తుంది.

ఒక సబ్జెక్ట్ తప్పినా కంగారు పడకండి, సప్లిమెంటరీ రాయొచ్చు. అయితే ఒక్క సంగతి గమనించండి. పరీక్షలయ్యాక వార్డు మాట కూడా ఎత్తడం మానేసినా, తిండి, నిద్ర తగ్గినా అది పేర్ల సమస్య కాదు. అప్పుడు ఆలస్యం చేయకుండా తిరుపతి వెళ్లి పాపతో ఒక పూట గడపండి, క్లాస్ టీచర్‌ను కలవండి. కోర్సు మార్చాలా వద్దా అనేది అప్పుడు మాట్లాడుకుందాం, నాకు మళ్లీ రాయండి. ఈ లోపు టీచర్‌ను ఒకటి అడగమని పాపకు చెప్పండి: సాయంత్రం ఒక గంట అనాటమీ ల్యాబ్‌లో మోడల్స్ దగ్గర కూర్చోనిస్తారా అని.