విమానం చెడితే మా అబ్బాయిని బాధ్యుడిని చేస్తారా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేస్తాం. మా అబ్బాయి హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. విమానాల మెయింటెనెన్స్ కోర్సు, అంటే ఏఎంఈ చేస్తానంటున్నాడు. విదేశంలో పంటలకు మందు చల్లే విమానం దిగుతుండగా చక్రం విరిగి బోల్తా పడిందని, మరమ్మతు సరిగా చేయకపోవడమే కారణమని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రేపు మావాడి మీదకు అలాంటిది వస్తే ఎలా? బీటెక్ ఏరోనాటికల్ గానీ, డ్రోన్ పైలట్ కోర్సు గానీ మేలా? ఇంట్లో మందు కొట్టే తైవాన్ పంపు చెడితే విప్పుకుని కూర్చుంటాడు, బాగైన తరువాత కూడా అనుమానమంటూ మళ్లీ విప్పుతాడు. చదువు పాడవుతోందని కోప్పడుతున్నాను.

జవాబు: విమాన ప్రమాదం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తుంటాయి. అడిగేది కోర్సుల మధ్య తేడాయే అయినా, కొడుకు నిందితుడిగా నిలబడతాడేమోనన్న దిగులే వాటిలో కనిపిస్తుంది. కాబట్టి ముందు ఆ దిగులు గురించే మాట్లాడుకుందాం.

మందు చల్లే విమానం పొలాల పక్కన చదును చేసిన మట్టి నేల మీద నుంచి నిండు ట్యాంకుతో లేచి, ఖాళీ చేసుకుని దిగి, మళ్లీ నింపుకుని, ఒక్క రోజులోనే పదుల సార్లు ఎగురుతుంది. దిగిన ప్రతిసారీ చక్రాల కాళ్ల మీద, వాటిని పట్టి ఉంచే బోల్టుల మీద దెబ్బ పడుతుంది. దానికి తోడు మందులు, ఎరువుల ద్రావణాలు లోహాన్ని తినేస్తాయి. అక్కడ పుట్టే సన్నని పగులు కంటికి కనబడదు కనుక, రంగు ద్రవం పూసి గానీ అయస్కాంత పరీక్షతో గానీ దాన్ని పట్టుకోవాలి. ఆ పరీక్షను వాయిదా వేసినా, చేయకుండానే చేసినట్టు రాసినా, ఏదో ఒక రోజు దిగేటప్పుడు ఆ కాలు విరుగుతుంది.

తప్పు ఎలా జరుగుతుందో తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో పైలట్ ముందున్న అద్దం గాలిలోనే ఊడిపోయింది. అంతకు 27 గంటల ముందు, రాత్రి డ్యూటీలో దాన్ని మార్చినప్పుడు బిగించిన 90 బోల్టులలో 84 బోల్టులు అర మిల్లీమీటరుకు కాస్త పైగా సన్నవి. కొలత పుస్తకంలో చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకున్నారు. అదృష్టవశాత్తు విమానంలోని 87 మందీ బతికారు. దర్యాప్తు ఆ బోల్టులు బిగించిన ఒక్క మనిషి దగ్గరే ఆగలేదు, అక్కడి పని పద్ధతులనూ పర్యవేక్షణ లోపాన్నీ ఎత్తిచూపింది. ప్రమాద దర్యాప్తు లక్ష్యం నింద మోపడం కాదని, మళ్లీ జరగకుండా చూడడమేనని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం స్పష్టంగా చెబుతోంది. అయితే తెలిసి తప్పుడు సంతకం పెట్టినవాడికి ఆ రక్షణ ఉండదు, వాడి లైసెన్సు పోతుంది, కేసు కూడా రావచ్చు. పద్ధతి ప్రకారం పని చేసి, చేసినదే రాసి, అనుమానం ఉన్నచోట సంతకం పెట్టను అని చెప్పగలిగిన వాడి గురించి మీరు భయపడవలసిన పని లేదు.

ఇక డ్రోన్ కోర్సు గురించి నాకున్న సందేహాలు దాచుకోను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే కొద్ది రోజుల శిక్షణతోనే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. అంత తేలికగా అందరికీ దొరికే కాగితాన్ని నమ్ముకుని జీతం ఎవరిస్తారో ప్రకటనల్లో చెప్పరు. మన దగ్గర పత్తికి, మిర్చికి మందు కొట్టే నెలలు ఎన్నో మీకే బాగా తెలుసు, మిగతా నెలల్లో ఆ డ్రోన్ ఇంట్లో ఉంటుంది, బ్యాటరీలు మాత్రం పాతబడుతూనే ఉంటాయి. సొంత పొలం ఉండి అదనపు ఆదాయం కోసం నేర్చుకునేవారికి అది బాగుంటుంది గానీ, 17 ఏళ్ల పిల్లవాడి జీవితానికి అదే ఆధారమంటే నేను ఒప్పుకోలేను.

బీటెక్ ఏరోనాటికల్ విమాన రూపకల్పన నేర్పుతుంది, ఆ డిగ్రీతోనే విమానాన్ని ఎగరడానికి విడుదల చేసే సంతకం పెట్టలేరు. ఆ సంతకానికి డీజీసీఏ, అంటే మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే లైసెన్సు కావాలి. ఏఎంఈ చదివినా అది వెంటనే రాదు, ఒక్కో విషయానికి విడిగా ఉండే మాడ్యూల్ పరీక్షలు దాటి, నిర్ణీత కాలం పని అనుభవం చూపాలి, పెద్ద విమానాలకైతే ఒక్కో రకానికి విడిగా రేటింగ్, అంటే అర్హత సంపాదించాలి. ఓపిక లేని ఇంటికి ఇది పనికిరాదు.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది చివరి మాట. బాగైన పంపును అనుమానంతో మళ్లీ విప్పే పిల్లవాడిని మీరు కోప్పడుతున్నారు. ఈ వృత్తికి కావలసిన గుణం అదేనని, ఏ సంస్థా దాన్ని ఫీజు తీసుకుని నేర్పలేదని మీకు ఎవరూ చెప్పలేదా? ప్రమాదం వార్త చదివి మీరు నిద్ర మానుకున్నారు సరే, దాని గురించి ఏమనుకుంటున్నావని వాడిని ఒక్కసారైనా అడిగారా? ముందు అది అడగండి.

ఆ తరువాత, ఎవరికీ అడ్వాన్సు కట్టకముందే, మీరు చూస్తున్న సంస్థకు ఇలాంటి శిక్షణ సంస్థలకు వర్తించే సీఏఆర్ 147 నిబంధనల కింద ఆమోదం ఉందో లేదో డీజీసీఏ జాబితాలో సరిచూసుకోండి. వాడిని వెంటబెట్టుకుని హ్యాంగర్, అంటే విమానాలు నిలిపే షెడ్డు దాకా వెళ్లి, విద్యార్థులు తమ చేతులతో విప్పి బిగించే ఇంజిన్లు నిజంగా ఉన్నాయా, ఉన్నవి అద్దాల వెనుక బొమ్మల్లా ఉన్నాయా చూసి రండి. అప్పటిదాకా మీ ఇంటి పంపును వాడి చేతిలోనే ఉండనివ్వండి.