మా అవ్వ, అంగన్‌వాడీ ఆయా

“పసిపిల్లల్ని సాకడమే పనిగా జీవించిన పెద్దవారు మీ ఇంట్లో ఉన్నారా? వారి గురించి మీకు గుర్తున్నదేమిటి?” అన్న ప్రశ్నకు సమాధానంగా మా అవ్వ గురించి రాస్తున్నాను. మా అమ్మకు తల్లి అయిన ఆమె అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో పాతికేళ్లకు పైగా అంగన్‌వాడీ ఆయాగా పనిచేసింది. చదువు రాదు. అయినా పిల్లల ఒళ్లు చూసి ఆమె గ్రహించినంత, చదువుకున్న మాలో ఎవరమూ గ్రహించలేకపోయాము.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న దేశం మొత్తంమీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. అది మా ఊరిదాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. కేంద్రంలో టీచరమ్మది రిజిస్టర్ల పని, పాటల పని, పలకల పని. ఇళ్లిళ్లూ తిరిగి పిల్లల్ని చంకనెత్తుకొని రావడం, బోరింగు దగ్గర నీళ్లు కొట్టి మోయడం, కట్టెల పొయ్యి మీద వండడం, ముక్కులు తుడవడం, తడిపిన గుడ్డలు మార్చడం, పిల్లలు వెళ్లాక గది అలకడం ఆయా పనులు. ప్రభుత్వ కాగితాల్లో ఆయాను ‘సహాయకురాలు’ అని రాస్తారు. ఆమె ఒక్కరోజు రాకపోతే కేంద్రం తెరుచుకునేది కాదని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లో మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, నూనె వచ్చేవి. పిండిని దోరగా వేయించి, బెల్లం నీళ్లు పోసి, ముద్దలు కట్టి పెట్టేది. మేము మాదిగలము. అందువల్ల మా అవ్వ చేతి ముద్ద తమ పిల్లలు తినరాదనుకునే ఇళ్లు ఊళ్లో కొన్ని ఉండేవి. వారు పిల్లల్ని అక్షరాలకు పంపి, తిండి వేళకు పిలిపించుకునేవారు, లేదా తమ వాటా పిండిని పచ్చిదిగానే గిన్నెలో పెట్టించుకొని పోయేవారు. అవ్వ వారితో వాదానికి దిగలేదు. పచ్చి పిండి పెడితే పిల్లలకు కడుపు నొస్తుందని, వేయించే విధానం ఇదని, వారి గడప బయట నిలబడే చెప్పి వచ్చేది. చెనక్కాయ చెట్లు పీకి కాయలు తెంపే రోజుల్లో ఆ ఇళ్ల ఆడవారికీ పొలంలో పొద్దుగూకేది కాబట్టి, మధ్యాహ్నం పిల్లల్ని పిలిపించుకునేందుకు ఇంట్లో మనిషి ఉండేవారు కాదు. ఆకలైన పిల్లలు పక్కవాడి చేతిలోని ముద్ద చూసి చేయి చాపారు, ఆమె పెట్టింది. కొన్నేళ్లకు గిన్నెలు రావడం తగ్గిపోయింది. దాన్ని సంస్కారమని కొందరు పొగుడుతారు గానీ, నా లెక్కలో అది పంటకాలపు అవసరం చేసిన పని. అవ్వ కూడా అలాగే అనుకునేదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఇళ్ల వారి గురించి ఆమె ఎప్పుడూ మంచిగా మాట్లాడలేదు, చెడ్డగానూ మాట్లాడలేదు.

నెలకోసారి దూలానికి గడియారం వంటి తూకం కట్టి, గుడ్డ తొడుగులో పిల్లల్ని కూర్చోబెట్టి బరువు చూసేవారు. టీచరమ్మ ఆ అంకెను పెరుగుదల పట్టికలో చుక్కగా పెట్టేది. అవ్వ మాత్రం ప్రతి ఉదయం బిడ్డను ఎత్తుకునేటప్పుడే బొటనవేలు, చూపుడువేలు కలిపి జబ్బను ఒకసారి పట్టి చూసేది. వేళ్లు దగ్గరికి వచ్చాయంటే ఆ బిడ్డకు ఆ రోజు ముద్ద మీద ముద్ద పడేది, సాయంత్రం ఆ తల్లి ఇంటికి అవ్వ పోయేది. చాలాకాలం తరువాత నేను ఒక ఆరోగ్య శిబిరంలో జబ్బ చుట్టుకొలత చూసే రంగుల టేపును చూశాను. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. అవ్వ వేళ్లతో వెతికినది దీన్నే.

తట్టు పోసినప్పుడు అమ్మవారు వచ్చిందని తిండి మాన్పించడం మా వైపు ఆచారం. అవ్వకు కూడా అమ్మవారి మీద నమ్మకం ఉండేది, వేపాకు తనే కట్టేది. కానీ, “అమ్మవారు వచ్చింది బిడ్డను చూడనీకి, ఎండబెట్టనీకి కాదు” అని చెప్పి రాగి గంజి తాగించేది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డలకు తట్టు టీకా వేయించడానికి తల్లుల్ని తీసుకొచ్చేదీ, విరేచనాలైతే లీటరు నీళ్లు కొలిచి ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి ఇచ్చేదీ ఆమే. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇమిడాయని నన్ను అడిగినవారున్నారు. ఆమెకు అందులో ఇబ్బందేమీ కనిపించలేదు.

మా అమ్మానాన్నలు వానలు పడని ఏళ్లలో బెంగళూరుకు కట్టడం పనులకు వలస పోయేవారు కాబట్టి నేను అవ్వ దగ్గరే పెరిగాను, ఆ కేంద్రంలోనే కూర్చున్నాను. మనవణ్ణి కదా అని ముందు పెట్టేది కాదు. వరసలో ఆఖరున నా గిన్నె, అడుగున మిగిలింది నాకు. నేను ఏడిస్తే, “నీకు రాత్రికి సంగటి ఉంది, వాళ్లకు ఉందో లేదో” అనేది. కేంద్రం మధ్యాహ్నానికే మూసినా, తల్లులు పొలాల నుంచి వచ్చేదాకా నలుగురైదుగురు పిల్లలు మా ఇంటి అరుగు మీదే నిద్రపోయేవారు. దానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. అప్పుడప్పుడు ఒక చేటెడు చెనక్కాయలో, నాలుగు వంకాయలో వచ్చేవి. ఆమె మెత్తని మనిషి కాదని కూడా చెప్పాలి. బిడ్డను ఎండలో వదిలిన తల్లిని వీధిలోనే నిలబెట్టి తిట్టేది, తాగి వచ్చిన తండ్రి చేతికి బిడ్డను ఇచ్చేది కాదు.

ఆమెకు అందినది జీతం కాదు, గౌరవ వేతనం. 2002లో కేంద్ర ప్రభుత్వం ఆయాలకు నిర్ణయించిన మొత్తం నెలకు 500 రూపాయలు, 2011లో 1,500. అది కూడా కొన్నిసార్లు రెండు మూడు నెలలు కలిపి వచ్చేది, ఈలోగా అంగడిలో అప్పు. ఆ డబ్బుతోనే నాకు ఇంటర్మీడియట్ పుస్తకాలు కొనిచ్చింది.

పని మానిన తరువాత పింఛను లేదు. మోకాళ్లు పట్టేసినా పిల్లలు అరుగు మీదికి వస్తూనే ఉండేవారు, వారిలో కొందరు ఆమె సాకినవారి పిల్లలు. ఆమె పోయిన కొంతకాలానికి, 2022 ఏప్రిల్ 25న, గుజరాత్‌కు చెందిన అంగన్‌వాడీ మహిళల కేసులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ 1972 నాటి గ్రాట్యుటీ చట్టం (పని మానేటప్పుడు, చేసిన ఏళ్ల లెక్కన ఒకేసారి డబ్బు ఇప్పించేది) వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. అవ్వతో కలిసి పనిచేసిన పక్క ఊళ్ల ఆయాలు ఆ వార్త ఉన్న పేపరు తెచ్చి నా చేత చదివించుకున్నారు. వారిలో చాలామంది దగ్గర చేరిన తేదీ తెలిపే కాగితం లేదు. ఏ ఏడు చేరారో ఆ ఏడు పుట్టిన పిల్లల పేర్లు చెప్పి లెక్క కడుతున్నారు, నేను రాసిపెడుతున్నాను.