బావగారికి కౌంటర్ తెరవలేదని మాట్లాడటం మానేశారు

ప్రశ్న: నా వయసు 29. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో, ఒక విమాన కంపెనీలో ఐదేళ్లుగా గ్రౌండ్ స్టాఫ్‌గా చేస్తున్నాను. మా స్టేషన్‌లో ఉన్నదే తొమ్మిది మందిమి. రెండు నెలల కిందట మావారి అన్నయ్య సాయంత్రం హైదరాబాద్ ఫ్లైట్‌కి చెకిన్ కౌంటర్ మూసిన ఏడు నిమిషాలకు వచ్చారు. మర్నాడు పొద్దున ఆయనకి అమెరికా వీసా ఇంటర్వ్యూ. నేను తెరవలేదు. ఆ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ పెట్టెలో నిలబడి వెళ్లారట. ఇంటర్వ్యూ అందింది, వీసా కూడా వచ్చింది. అయినా అత్తారింట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. సంక్రాంతికి మా మరిది బ్యాగులోంచి అత్తగారు పెట్టిన కురిడీ (ఎండుకొబ్బరి) కాయలు తీయించానని ముందే కోపం ఉంది. పైగా మా స్టేషన్‌లో అన్నయ్యలా అనుకునే సీనియర్ ఒకాయన ఆ రోజు బావగారితో ‘మేడమ్ తలుచుకుంటే తెరవొచ్చండి’ అన్నాడట. అప్పటినుంచి ఆయనతో క్యారేజీ పంచుకోవడం మానేశాను. మావారు ‘నన్ను మధ్యలోకి లాగకు’ అంటున్నారు. తప్పు నాదేనా? హైదరాబాద్‌కి బదిలీ అడగమంటారా?

జవాబు: కౌంటర్ తెరవకపోవడం తప్పు కాదు. ముందు అది మనసులోంచి తీసేయండి. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కౌంటర్ ముందు ఆయనతో మీరేమన్నారో ఒక్క ముక్క రాయలేదు. ఆయన ఆ రాత్రి ఎలా వెళ్లారో కూడా ‘వెళ్లారట’ అని రాశారు. అంటే మీకు తర్వాతెప్పుడో ఎవరో చెబితే తెలిసిందన్నమాట. గొడవంతా అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

మా నాన్నగారు రైల్వేలో గుమాస్తా. వేసవి సెలవులు వస్తే చాలు, ఎన్నడూ గుమ్మం తొక్కని చుట్టాలు బెర్తుల కోసం వాలేవారు. మా అమ్మ ఎవరికీ గుమ్మంలో కాదని చెప్పేది కాదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పిల్లల చదువులు అడిగి, అప్పుడు ‘ఈసారి ఆయన చేతిలో లేదండీ’ అనేది. బెర్తు దొరక్కపోయినా ఒక్కరు కూడా మా ఇంటికి రావడం మానలేదు. మీకు కాఫీ ఇచ్చే తీరిక లేదు, తెలుసు. ఒక పక్క అరైవల్, ఇంకో పక్క వీల్‌చైర్, మైకులో అనౌన్స్‌మెంట్, గేటు దగ్గర క్యూ, అన్నిటికీ ఆ కొద్దిమందే. కానీ ఆ విమానం లేచాక? రాజమండ్రిలో గౌతమి వచ్చేలోపు టైముంది కదా. ఒక ఫోన్ చేసి ‘బావగారూ, ఎలా వెళుతున్నారు? బస్సులో సీటేమైనా చూడనా?’ అని అడిగి ఉంటే ఆయన రైల్లో నిలబడి వెళ్లినా కోపం సగమై ఉండేది. ఆయన్ని బాధపెట్టింది మూసిన కౌంటర్ కాదు. వయసులో పెద్ద మనిషి, నలుగురిలో, సొంత మరదలి ముందు సూట్‌కేసు పట్టుకుని వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ మరదలు ఎలా వెళ్లావని కూడా అడగలేదు.

మీ అత్తవారి వైపు నుంచి కూడా ఒక మాట చెబుతాను. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్రం వారి ఉడాన్ పథకం కింద ఎగిరిన తొలి విమానాల్లో మన కడప–హైదరాబాద్ ఒకటి. అప్పటినుంచీ విమానం మన చిన్న ఊళ్లకి బాగా దగ్గరైంది. శంషాబాద్‌లో కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు. మీ దగ్గర అలా కాదు. లైన్లో నిలబడ్డ ప్రతి ఐదోవాడికీ మీరు ఫలానావారి కోడలని తెలుసు. చెయ్యెత్తితే ఆర్టీసీ బస్సు ఆగడం చూస్తూ పెరిగిన వాళ్లం మనం. బస్టాండులో మనవాడొకడు కండక్టరైతే బస్సు రెండు నిమిషాలు ఆగేది. అదే లెక్క విమానానికీ వేసుకున్నారు. అందులో దురుద్దేశం లేదు, తెలియనితనమే.

ఆ తెలియనితనం పోగొట్టాల్సింది మీరే. ‘రూల్ అండీ’ అంటే ఎవరికీ ఎక్కదు, ఇంకా ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పండి. దేశంలో తిరిగే విమానాలకి చాలా కంపెనీలు గంట ముందే కౌంటర్ ఎందుకు మూస్తాయో ఒకసారి భోజనాల దగ్గర కథలా చెప్పండి. మన ఊళ్లకి తిరిగే ఏటీఆర్ 72 విమానానికి జనం ఎక్కే తలుపు తోక దగ్గర, సామాను గది తలుపు ముందు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వెనక బరువెక్కువై తోక వాలిపోకుండా కింద ఊతకర్ర పెడతారని చెబితే మీ మామగారు నోరు తెరుచుకుని వింటారు. ఎంతమంది, ఏ వరసల్లో, ముందెన్ని కిలోలు, వెనకెన్ని కిలోలు అన్న లెక్క తేలి ఆ కాగితం పైలట్ చేతికి వెళ్లాలి. కౌంటర్ మూసేది ఆ లెక్క తేల్చడానికి కూడా. ఆ తర్వాత ఒక మనిషీ ఒక సూట్‌కేసూ పెరిగితే లెక్క మళ్లీ సరిచూసుకోవాలి.

కురిడీ సంగతీ అంతే. అత్తగారు దాన్ని తన ఆప్యాయత మీద వేసిన దెబ్బగా తీసుకున్నారు. కోనసీమ ఇంట్లోంచి కొబ్బరి లేకుండా పిల్లాణ్ణి పంపడమేమిటని ఆవిడ బాధ. ఎండుకొబ్బరి నిండా నూనె. ఒకచోట పోగుపడితే దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది. అంతర్జాతీయ విమాన రవాణా నియమాల్లో అందుకే దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో చేర్చారు. ఈ ముక్క ఆవిడకి ఎవరైనా చెప్పారా? ‘అత్తయ్యా, కురిడీ వద్దు, పూతరేకులు ఎన్నయినా పెట్టండి, నేను దగ్గరుండి సర్దుతాను’ అని పండక్కి నాలుగు రోజుల ముందే అని ఉంటే గేటు దగ్గర పంచాయితీ ఉండేది కాదు. మీరు పండగ మూడు రోజులూ డ్యూటీలోనే ఉండి ఉంటారు, సంక్రాంతికి మీ ఎయిర్‌పోర్టుల రద్దీ నాకు తెలుసు. కానీ ఫోనుంది కదా.

ఇక మీ సీనియర్. మీరు ఆయన్ని అన్నయ్య అనుకున్నారు, అక్కడే మెలిక పడింది. తొమ్మిది మంది ఉన్న చోట, పొద్దున ఐదింటికొచ్చి, మధ్యలో ఇంటికెళ్లి, సాయంత్రం మళ్లీ వచ్చే స్ప్లిట్ డ్యూటీల్లో, ఒకరి క్యారేజీ ఒకరు తింటూ ఉంటే వరసలు కలుస్తాయి. తప్పేం లేదు. కానీ సొంత అన్నయ్య మీద పడే అలక సహోద్యోగి మీద పడితే ఆఫీసు నడవదు. ఆయన ఆ మాట ఎందుకన్నాడంటారా? నిరాశగా వెనక్కి తిరిగే మనిషి ముందు తాను మంచివాడనిపించుకోవడానికి. అంతకంటే లోతు ఉండకపోవచ్చు. మనలో ఈ జబ్బు చాలామందికి ఉంది, చెడ్డ మాట పక్కవాళ్ల మీదికి తోసేస్తాం. అసలు ఆయన అన్నాడని మీకు చెప్పింది బావగారి వైపు వాళ్లు. ఆయన్ని మీరు ఇంతవరకూ అడగనే లేదు. రెండు ఫ్లైట్ల మధ్య ఖాళీలో, మిగతావాళ్లు లేనప్పుడు, ‘అలా అన్నారని విన్నాను, నిజమేనా?’ అని అడగండి. ఔనంటే, ‘ఇంకెప్పుడూ నా మీదికి తోయకండి, ఇద్దరం ఒకే మాట చెబుదాం’ అనండి. క్యారేజీ పంచుకుంటారో మానతారో తర్వాత సంగతి. పని వేళల్లో పలకరింపు మాత్రం మానకండి. ఆయన గేటులో, మీరు కౌంటర్లో ఉండి మాట్లాడుకోకపోతే నష్టపోయేది ప్రయాణికులు.

బదిలీ వద్దు. హైదరాబాద్ వెళితే చుట్టాల ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. కానీ ఇప్పుడు వెళితే ‘తప్పు చేసింది కాబట్టే పోయింది’ అని ఇంట్లో ఖాయమైపోతుంది. ఏడాది పోయాక జీతం కోసమో ఎదుగుదల కోసమో వెళ్లాలనిపిస్తే హాయిగా వెళ్లండి.

మీవారికి ఈ జవాబు చూపించండి. అయ్యా, ఆయన మీ అన్నయ్య. మధ్యలోకి ఎవరూ లాగనక్కర్లేదు, మీరు పుట్టుకతోనే మధ్యలో ఉన్నారు. ‘ఆవిడ ఉద్యోగంలో ఆవిడ చేసింది కరెక్టు, ఫోన్ చేయకపోవడం మా ఇద్దరి పొరపాటు’ అన్న మాట ముందు మీ నోటినుంచి రావాలి. ఆ సాయంత్రం మీరెక్కడున్నారు? అన్నయ్యకి ఏ బస్సులోనైనా సీటు చూడొచ్చని మీకు మాత్రం తట్టిందా?

అమ్మా, వీక్లీ ఆఫ్ రోజున ఇద్దరూ కలిసి వెళ్లండి. ఫోన్లో వద్దు. కౌంటర్ గురించి క్షమాపణ చెప్పకండి, చెబితే రేపు ఇంకొకరు వచ్చి తెరవమంటారు. ‘ఆ రాత్రి మీరు నిలబడి వెళ్లారని తెలిసి బాధేసింది బావగారూ, నేను ఫోన్ చేయాల్సింది’ అనండి చాలు. ఆయన ఒకటి రెండు మాటలంటారు. అననివ్వండి. తోటికోడలు నాలుగంటుంది, వాటికి వంటింట్లో సాయం చేయడమే జవాబు.

ఇకమీదట చుట్టాలెవరు టికెట్ తీసుకున్నా ముందురోజు మీరే ఫోన్ చేసి వెబ్ చెకిన్ చేసిపెట్టండి. అది చేసుకుని చేతిసంచీతోనే వచ్చినవాళ్లకి కౌంటర్‌తో పనే ఉండదు, గేటు మూసేలోపు చేరితే చాలు. చేతిసంచీ 7 కిలోలు, లోపల వేసే పెట్టె 15 కిలోలు అని ఇంట్లోనే తూచి పంపండి. మీ చేతిలో ఉన్న సాయం ఇదే, తక్కువదేం కాదు.

బావగారు వీసా వచ్చిందిగా, అమెరికా ప్రయాణానికి సర్దుకుంటూ ఉంటారు. ఆ పెట్టెల బరువు లెక్కలు వేరు, ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండవు. వెళ్లేటప్పుడు సామాను తూచే కొక్కెం త్రాసు ఒకటి మీ బ్యాగులో వేసుకెళ్లండి.